పట్టుకున్న చెయ్యి

కాశీబుగ్గ హైస్కూలు వరండాలో, డిసెంబరు మధ్యాన్నం,
ఒక కన్ను పోయిన బైనాక్యులర్ని స్టూలుకి కట్టి
వజ్జ మేస్టారు సూర్యుణ్ణి
తెల్ల చార్టు మీదకి దించారు.
"పైకి చూసేరో, కళ్ళు పోతాయి. కిందకే చూడండి."
చూశాం.
అరచేతంత వెలుగు.
అందులో నువ్వులు చల్లినట్టు మచ్చలు.

మధ్యలో గీత గియ్యడం నా పని.
గీతకి ఆ పక్కెన్ని, ఈ పక్కెన్ని,
రోజూ అన్నం బెల్లుకి ముందు, మబ్బు లేకపోతే.
పన్నెండు రోజులు రాశాక తెలిసింది
బొమ్మ తలకిందులుగా పడుతోందని,
నేను దక్షిణం అనుకున్నదంతా ఉత్తరమని.
"మన ఉత్తరం ఎప్పుడూ కిందేలే" అని
మేస్టారు ఒక్కరే నవ్వుకున్నారు.
రబ్బరు అరిగిపోయేదాకా చెరిపి తిరగరాశాను:
ఉత్తరం పద్నాలుగు. దక్షిణం అయిదు.

జ్వాలలు ఎక్కువగా లేచేది ఆ మచ్చల దగ్గరే, అన్నారు.
రెండు సగాలూ ఒకే నిప్పు.
అయినా కొన్నేళ్ళు ఒక సగమే ఎక్కువ రేగుతుంది,
రెండోది కాస్త నిమ్మళంగా
దాంతో పాటే తిరుగుతుంది.
ఎందుకో పూర్తిగా తెలీదట,
పెద్ద పెద్ద దుర్భిణీల వాళ్ళక్కూడా.
తెలీదు అన్న మాట
మేస్టారి నోట వినడం అదే మొదలు.

చీకటి పడ్డాక అమ్మ
జీడిపిక్కల కార్ఖానా నుంచి వచ్చింది.
పుస్తకంలో పేరు దాలమ్మ,
పేరు పక్కన కిలోలు, కిలోల పక్కన రూపాయలు.
గాబు దగ్గర బూడిదేసి చేతులు తోముకుంటోంది.
అలవాటయిపోయి, బల్బు వెలుగులో లెక్కపెట్టాను:
కుడిచేతికి మూడు.
ఎడంచేతికి, పాతవీ కొత్తవీ కలిసిపోయి, తేలలేదు.
బొటనవేలి మీద తోలు లేచి
కింద లేత చర్మం, పసిపిల్లది లాగ.

"ఎడం సెయ్యికే ఎందుకమ్మా ఇన్ని?"

"పట్టుకున్న సెయ్యి కదే గుంటా.
సుత్తి సెయ్యికేటి తెలుస్తాది."

నోట్సులో 'కారణం' అన్న గడి
ఖాళీగా వదిలెయ్యమన్నారు మేస్టారు.
వదల్లేదు.
ఆ చేత్తో దేన్నో పట్టుకునుంటాడు, అని రాశాను,
పెన్సిల్తోనే, సన్నగా.

మర్నాడు మబ్బు.
చార్టు చుట్టేసి బీరువా మీద పెట్టేశాం, లెక్క లేదు.
అమ్మ మాత్రం పనికెళ్ళింది.