ఫిష్ టెస్టు

పరీక్ష పేరు ఫిష్ అంట.
జాలారిపేటలో పదేళ్లు చేపల గంప మోసినదాన్ని,
గాజు తలుపు ఇవతల ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ల్యాబులో భానోజీ చెప్పాడు:
చీకట్లో కణానికి రెండు చుక్కలు వెలుగుతాయి.
రెండూ ఎర్రవైతే నీ కూతురిచ్చినవి,
ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ అయితే
పిల్లాడి పాతవి.
రెండొందలు లెక్కపెడతాం.

లెక్క నాకు కొత్తా?
వల ఒడ్డుకొచ్చాక వాటాలేసిన చేతులివి.

మొదటి నెల అక్క వాటా నూట తొంభై.
తర్వాత నూట డెబ్బై.
మూడో నెల నూట నలభై ఒకటి.
డాక్టరమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి
ఏమీ అనలేదు.

లోపం నా రక్తంలోంచే దిగిందట.
మా అమ్మ తమ్ముళ్లిద్దరు పళ్లు రాకముందే పోయారు.
గాలి సోకిందనుకున్నారు అప్పట్లో.

తొమ్మిదేళ్ల నూకరత్నం
నడుం మీద సూది మచ్చ తడుముకుంటూ అడిగింది:
"అమ్మా, నావోళ్లు తమ్ముడితో తగువాడతన్నారా?"

ఇవాళ నూట నలభై మూడు.
రెండు పెరిగాయి. రెండంటే రెండే.
ఆరిలోవ నుంచి ఆటోలో
సముద్రం పక్కనే వచ్చినా చూడలేదు,
రెండు వేళ్లు మడిచి
పట్టుకునే ఉన్నాను.