వచ్చారు

గాలెమ్మ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను
మార్కాపురం పలకల ఫ్యాక్టరీ గోడ నీడన.
మొహాలు చూడలేను నేను.
కళ్ళు మరీ పెద్ద చప్పుడు చేస్తాయి.
రంపం మోతకి చెవుల్లో దూది,
జేబులో ఒక పలక పెచ్చు,
దాని అంచు బొటనవేలితో రుద్దుతుంటే గానీ
ప్రశ్న నోటిదాకా రాదు.

మా వీధిలో నన్ను తిక్క అంటారు.
ఇంకో పేరు కూడా ఉంది.
అది నేను రాయను, పెట్టినవాళ్ళే రాసుకోనీ.

పద్నాలుగేళ్ళుగా నలభై రెండు నోటుపుస్తకాలు
అన్నీ నీలం అట్టవే, వేరే రంగు మీద చెయ్యి కదలదు.
ఎవరు ఏ ఏడు పనిలో చేరారు,
నూటికి ఎన్ని పలకలు పగిలేవి,
దుమ్ము ఎవరి రొమ్ములో ఎప్పుడు గడ్డకట్టింది.
ఇదేం చరిత్రరా, ఒక్క రాజన్నా లేడు,
అంటాడు మా బాబాయి.

"దస్తగిరమ్మ ఎప్పుడొచ్చింది?"
"తుపాను ఏడు."
"ఏ నెల?"
"చలి మొదలైనాక."
"ఏ పొద్దప్పుడు?"
అడుగు తగిలేదాకా వదల్లేను నేను, అంతే.
చేతులు ఆగాయి.
"దీపాలు పెట్టే యాళ. సత్తు గిన్నె, ఒక దుప్పటి.
ఆ దుప్పటే ఇద్దరికీ చాలింది."
"ఎన్నాళ్ళు?"
"ముప్పై ఒక్క ఏండ్లు."

కరెంటు పోయింది.
దూది తీసేశాను.

కొంగుముడి విప్పి రేషన్ కార్డు నా ఒళ్ళో పెట్టింది.
ఊరూరి పిల్లలు దిద్దిన పలకలు కోసిన మనిషికి
అక్షరాలు రావు.
"ఇందులో దాన్ని ఏమని రాసినారో చదువు."
ఎవరైనా అయితే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాళ్ళు.
నాకు అబద్ధం కట్టడం చేతకాదు.
"ఇతరులు," అన్నాను.
"అంటే?"
పెచ్చు అంచు వేలికి దిగబడింది.
"మరి నువ్వేమని రాస్తావు?"

రాత్రి రాయబోయాను.
దస్తగిరమ్మ వచ్చింది.
బస్సు వచ్చింది. వాన వచ్చింది. గేదె వచ్చింది.
మన వ్యాకరణంలో ఒంటరి ఆడమనిషి
రాళ్ళ వరసలో నిలబడాలి.
గౌరవానికి ఒక్కరినీ వచ్చారు అనొచ్చు,
పలకల కూలీని ఎవరన్నారు గనక.
ఎనిమిదో తరగతిలో ఆ పాఠం విన్నరోజు
అన్నం ముట్టలేదు నేను,
మా అమ్మని ఆ వరసలోంచి ఎట్టా తప్పించాలో తెలియక.

పక్కన ఇంకో ఆడమనిషి వచ్చి నిలబడిందా,
క్రియ దానంతటదే మారిపోతుంది.
ఉన్నారు. వండుకున్నారు. పోట్లాడుకున్నారు.
జ్వరం వస్తే ఒకరి కాళ్ళు ఒకరు పట్టారు.

నాకు మాత్రం
'నేను' అనే మాటే ఇల్లు.
వచ్చాను, పోయాను, తిన్నాను అంటే
ఆడా మగా అని అడగదు తెలుగు.
ఆ ఒంటిగదిలో చాలాకాలం తలదాచుకున్నాను.
ఒంటిగదే, ఇంకొకరికి చోటు లేదు.

మర్నాడు అడిగాను,
ఎవరికీ చెప్పనిది నాకెందుకు చెప్పావమ్మా అని.
"నువ్వు నా మొగం చూడలా గదబ్బయ్యా.
చూసినోళ్ళంతా మొగంలోనే జవాబు చదువుకోని పోయినారు."
కాసేపు దగ్గింది. దగ్గులో కూడా పలక పొడి.
"మరి నీకెవురు?"

ఇంతవరకు నన్నెవరూ ప్రశ్న అడగలేదు.
నా ప్రశ్నలు నాకు బట్టీ వచ్చు,
జవాబు ఎక్కడ పెట్టుకున్నానో గుర్తులేదు.
పెచ్చుని ఏడుసార్లు రుద్దాను.
"సుభాని. పొదిలి డిపోలో కండక్టరు."
"సెలవెప్పుడు?"
"బేస్తవారం."
"అయితే బేస్తవారం ఇద్దరూ రాండి.
ఎండుచేప పులుసు పెడతా.
రంపం మోత ఉండదులే, ఆ పూట కరెంటు తీస్తారు."

నలభై మూడో పుస్తకం, మొదటి పేజీ.
తేదీ వేశాను. వారం వేశాను.
ఒంటిగంటా పది, అని పొద్దు కూడా వేశాను.
క్రియ ఏం రాయాలో
ఈసారి వెతుక్కోలేదు.