జానెడు పైన

నుస్రత్ డాక్టరమ్మ చుట్ట చుట్టి తెచ్చింది బొమ్మని.
రబ్బరు బ్యాండు ఊడదీసి బల్ల మీద పరిస్తే
రెండు దిక్కుల లేచి మళ్ళ చుట్టుకుంది.
నాలుగు మూలలకు నాలుగు గాజుముక్కలు పెట్టిన.
"మా దవాఖాన గోడకు. శుక్రవారానికి కావాలె."

ప్రకాశం బజార్ల ఇరవై రెండేండ్లసంది
నేను కట్టిన ఫ్రేముల్ల సగం చచ్చిపోయినోళ్ళే,
మిగిలిన సగం దేవుళ్ళు.
ఇట్ల ఎవరో తెల్లామె
బిడ్డ కాలు తొట్టిల కడుగుతుంటె
దానికి అద్దం కొయ్యడం ఇదే మొదలు.

దగ్గర పెట్టుకుంటె ముఖం లేదు.
గులాబీ మరక, పక్కన పచ్చ మరక,
చెవి ఉండాల్సిన కాడ సున్నం చిలికినట్టు తెలుపు.
పనిపిల్లగాడు జానీ అన్నడు:
"అన్నా, అచ్చు సరిగ పడలే. వాపసిద్దాం."
నేను దుకాణం దిగి, రోడ్డు దాటి,
మిర్చి బండి కాడ నిలబడి చూసిన.
నడుమ ఆటో, నడుమ పాల క్యాన్ల బండి,
నడుమ ఎవరి పెండ్లికో పోతున్న బ్యాండు సామాను.
వాటి సందుల్లకెల్లి
ఆమె తల్లయింది.

మెడ అంత వంచింది,
పొయ్యి మీద గంజి పొంగితే వంగినంత అలవోకగ.
నేను ఆ మెడ కాడనే ఆగిపోయిన.

మా అమ్మ అండాలుకు మెడ వంగదు.
మర్రిగూడ పక్కన మా ఊళ్ళె
బోరింగుల తళతళ మెరిసే నీళ్ళు
తాగి తాగి
వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కున్నయి.
ఎవరన్న పిలిస్తే
తలుపు తిరిగినట్టు మనిషంతా తిరిగేది.

జాలారిల ఎత్తుబండ మీద నన్ను నిలబెట్టి
నిటారుగ నిలబడి పోసేది.
కాళ్ళు నేనే తోముకోవాలె.
"ఆడిదాంక నా చెయ్యి రాదు బిడ్డా" అనేది
సిగ్గు లేకుంట, బాధ లేకుంట,
ఇంట్ల ఉప్పయిపోయిందని చెప్పినట్టు.
ముద్దొస్తే గదుమ పట్టి పైకెత్తేది.
నా ముఖమే పోవాలె, ఆమె ముఖం కాడికి.

పైకి చూస్తే కండ్లల్ల సబ్బు.
చెంబు మీద చెంబు.
నీళ్ళల్లకెల్లి పసుపు మరక, కుంకుమ మరక,
వెనక యాపచెట్టు పచ్చ, ఎండ తెలుపు
ఒకదాంట్లకొకటి కారిపోయి...

జానీ, అచ్చు సరిగనే పడ్డదిరా.

పోయినంక ఆమె ఫోటో నేనే కట్టిన,
ఆధార్ కార్డుది పెద్దగ చేపించి.
కనుబొమ్మలు, ముక్కుపుల్ల, అన్ని సాఫుగున్నయి.
ఎవరో లెక్కుంది.

ఈ బొమ్మ గీసినోళ్ళను ఒక్కటడగాలె:
ఆ తొట్టిల నీళ్ళు ఏ బాయివి?
చూస్తే తెల్వదు. మా ఊళ్ళె నీళ్ళు చూసి ఎవరికీ తెల్వలే.
నా ఒంటి మీద పోసినయి,
ఆమె ఒళ్ళు బిగించినయి
ఒక్క బిందెల నీళ్ళే.
కృష్ణ నీళ్ళు నల్లాల వచ్చిననాడు
పక్కింటోళ్ళు కొబ్బరికాయ కొట్టిన్రు.
అమ్మ ఒక గిలాస తాగి
"చప్పగున్నయి" అన్నది.

రాత్రి షట్టరు సగం దించి అద్దం తుడిచిన.
వంగి చూస్తే
నా గోధుమరంగు చారల పండ్లు
ఆ తెల్లామె మెడ మీద పడ్డయి.

శుక్రవారం నేనే పోయి మేకు కొట్టిన.
"అంత పైనెందుకు పరమేశూ?
చిన్న పిల్లలు కద, కండ్లకెదురుగ ఉండొద్దా?"
స్టూలు దిగి చేతుల దుమ్ము దులుపుకున్న.
ఏం చెప్పలే.

నెల దాటినంక మనుమరాలికి జ్వరమొస్తే పోయిన.
జానెడు కిందికి దించిన్రు.
పైన మేకు అట్లనే ఉంది,
చుట్టు సున్నం పెచ్చులేచి.
మా నంబరు పిలిచేదాంక
దాన్నే చూసుకుంట కూచున్న.