పంటి బిగువున

ఏడూ పదకొండుకి కదిలింది ఎర్ర రైలు.
రెండు పట్టాల నడుమ మూడో పట్టా, దానికి పళ్ళు.
పెట్టె కింది చక్రానికీ పళ్ళు.
పన్ను మీద పన్ను వేసి
పంటి బిగువున కొండెక్కుతోంది.

ముందు సీట్ల కోసం అందరూ తోసుకుంటుంటే
చిట్టచివరి బల్ల మీద, వెనక గోడకి వీపానించి
బాల్జర్ కూర్చున్నాడు.
ఎనభై దాటాయి. బూట్లకి నిన్నటి బురద.

"ఆవిరి రోజుల్లో ముప్పై ఒక్కేళ్ళు
దీన్ని వెనక నుంచి నెట్టాను."
ఇంజను ఎప్పుడూ దిగువనే ఉండాలట,
పెట్టె జారితే అడ్డుపడడానికి.
అందుకని ఎక్కినంతసేపూ ఆయనకి కనబడింది
శిఖరం కాదు, మంచు కాదు,
పెట్టె వెనక చెక్క.
"అందులో ప్రతి మేకూ నాకు తెలుసు.
ఇప్పుడు రేకు వేశారు" అని
మోచేత్తో గోడని ఓసారి పొడిచాడు.

పైన దిగి నడక.
ఇక్కడి పసుపు పలకలు
దూరాన్ని గంటల్లో చెబుతాయి.
గంటా నలభై, అంది పలక.
"ఎవరి మోకాళ్ళతో?" అన్నాడు బాల్జర్.

రాళ్ళ సందుల్లో జెన్షియన్ పూలు,
సిరాబుడ్డి ఒలికినంత నీలం.
ఎక్కడో బొరియ ముందు మార్మొట్ ఈల వేసింది.
ఠక్కున ఆగిపోయాడు.
ఈల వింటే ఆగడం
ఆ కాళ్ళకి ఇంకా ఉద్యోగమే.

ఒక బండ మీద ఎర్రరంగుతో ఏదో సంవత్సరం.
ఆయన పనిలో చేరిన ఏడు మంచునది అంచు అక్కడుండేది.
ఇప్పుడు దాని కోసం కళ్ళు చికిలించాలి.
ఆయనేమీ అనలేదు.
రై రొట్టె, గట్టి చీజ్
చాకుతో కోసి నా చేతిలో పెట్టాడు.

నాకొచ్చిన అరకొర జర్మన్‌లో చెప్పాను:
మా తెలుగులో దీపం ఆరిందనం,
కొండెక్కిందంటాం.
రొట్టె నమలడం ఆపి
నా మొహంలోకి చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు.
"రోజుకి మూడుసార్లు కొండెక్కింది నా పొయ్యి,
ఒక్కసారీ ఆరలేదు!"

సగం దారి దిగాక, లార్చి చెట్ల నీడలో,
నేను ఆ మాటే మరిచిపోయాక:
"కాదు. ఒక్కసారి ఆరింది.
మధ్య స్టేషన్‌లో కొత్తగా చేరిన టికెట్ల అమ్మాయి
కిటికీలోంచి చెయ్యూపింది.
బొగ్గు వెయ్యడం మరిచాను.
నలభై మంది ప్రయాణికులు, వాన, గంటసేపు.
మెంగా చివరిదాకా దెప్పింది."

అయిదూ నలభై ఎనిమిదికి ఆఖరి బండి.
పెట్టెనిండా కునుకులు, తడి మేజోళ్ళ వాసన,
కిటికీలో ఆవుల గంటలు ఒకటొకటిగా వెనకబడుతూ.
బాల్జర్ కళ్ళు మూసుకున్నాడు.
నిద్ర కాదు.
ప్రతి మలుపుకీ ఒక క్షణం ముందు
ఆయన కుడిచెయ్యి మోకాలి మీద
లేని బ్రేకుని మెల్లగా బిగిస్తోంది.