ఈనె ఉందా, లేదా

బ్రేమార్ ఊళ్ళో చర్చి హాలు వెనక గదిలో
గురువారం సాయంత్రాలు ముగ్గురం కూర్చుంటాం:
ఎల్స్‌పెత్ గెడెస్, ఆమె మైక్రోస్కోపు, నేను.
కెటిల్‌ని లెక్కలో వెయ్యలేదు, అలుగుతుంది.

సాసర్లో
ఎండి నల్లబడ్డ చిటికెడు ప్రాణం.
ఆదివారం నాలుగు గంటలు కొండెక్కి తెచ్చాను,
జూలై దాకా మంచు కప్పుకుని పడుకునే గుంట అంచునుంచి,
గ్రానైటు బండను గోటితో గీరి.

"ఏమిటది?" అంది.
"పాచి" అన్నాను, నోరు జారి, తెలుగులో.

కుళాయి గచ్చు మీద కాలు జార్చేదీ పాచే,
పళ్ళు తోమని నోరూ పాచే,
మూత తీస్తే ముక్కు ముడిచే నిన్నటి పులుసూ పాచే.
ఇక్కడి హోటల్లో నేను చేసే పధ్నాలుగు గదుల పనికి
మా ఊళ్ళో పేరు పాచి పని.
ఇన్నిటికీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్ళం.
వీళ్ళు దీనొక్కదానికే వందల పేర్లు పెట్టి
ఇంకా చాలలేదంటారు.

ఆమె నీటిచుక్క వేసింది.
అలక తీరిన పిల్ల పిడికిలిలా
ఒక్కో ఆకూ విప్పుకుంది.

ఇక గుర్తుపట్టే పుస్తకం.
పుస్తకం కాదది, రేషను కార్డుల కౌంటరు:
ఆకుకి ఈనె ఉందా? ఉంటే ఏడుకి పో.
ఏడు దగ్గర ఇంకో గుమాస్తా:
ఆకు ఒక పక్కకి వంగిందా? తొమ్మిదికి పో.
కాయ తెచ్చావా? లేకపోతే తీసుకుని మళ్ళీ రా.

తెచ్చాను. ఆవగింజలో సగం.
తడిస్తే మూసుకుంటుంది.
ఆరితే నడుము దగ్గర నాలుగు చీలికలుగా విచ్చుకుంటుంది,
కొసలు రెండూ వదలకుండా, కాగితం లాంతరులా.
ఆ సందుల్లోంచే పిల్లలందరినీ గాలికి అప్పగిస్తుంది.

ఆకు కొయ్యడం నాకు వదిలింది, ఆమె చేతులకి వణుకు.
మార్కాపురం క్వారీలో మా అమ్మ
బండ అంచున ఉలి ఆనించి ఒక్క దెబ్బకి పలక విడదీసేది.
"రాయికీ ఈనె ఉంటదే, అది దొరికితే బలం అక్కర్లా" అనేది.
బ్లేడు దించాను.

అద్దం కింద ఎర్రగోధుమ గదులు, గదులు, గదులు,
నడుమ నిలువుగా ఒక నీడ.
ఈనేనా? మడతా?
"ఉంది" అన్నాను.
కన్ను పెట్టి చాలాసేపు చూసి "లేదు" అంది.
దీపం తగ్గిస్తే ఉంది. పెంచితే లేదు.

ఉంటే ఇది మంచు నీడలోనే బతికే అరుదైన రకం.
లేకపోతే ఏ బండ మీదైనా సర్దుకుపోయే దాని చెల్లెలు.
ఈ ఏడు ఆ గుంటలో మంచు మే నెలలోనే పోయింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గుంటకి వెళ్ళొచ్చిన మనిషి
ఎందుకు లేదందో
నాకప్పుడు కొంచెం అర్థమైంది.

"పొట్లం నువ్వే కట్టు" అంది. ఆమె మడిస్తే మూలల్లోంచి కారుతుంది.
నాది కిరాణా కొట్లో జీలకర్ర కట్టిన చెయ్యి.
పైన పెన్సిలుతో రాశాను:
తూర్పు వాలు. వెయ్యి నూట పది మీటర్లు. నీరు కారే బండ.
సేకరణ: వై. దేవకృప.
రకం పేరు ముందు ఆమె రెండక్షరాలు చేర్చింది: సి.ఎఫ్.
"అంటే?"
"పోల్చి చూడమని. తెలిసినంతే చెప్పి ఆగడం."
"మేం 'లాంటిది' అంటాం" అన్నాను.
ఆ మాట రెండుసార్లు పలికించుకుని
టీ పోసింది.

మర్నాడు ఆరో నంబరు గదిలో
స్నానాలగది పలకల సందున నల్లటి గీత.
బ్రష్షు ఎత్తినదాన్ని ఆగి, వంగి, చూశాను.
ఈనె లేదు.
రుద్దేశాను.