సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద

పెన్ను గడ్డకట్టింది.
పెన్సిలు తీసుకో అంది కైసు టీచరు,
చలికాలంలో దాన్ని మించిన నమ్మకస్తురాలు లేదట.
కౌన్సిలు వాళ్ళ కాగితం మీద ఒకటే ప్రశ్న:
"ఆరుబయట చదువు వల్ల లాభమేమిటి?"
జవాబుకి నాలుగు గీతలు.

కువోపియో దాటాక, స్ప్రూస్ చెట్ల నడుమ
పదకొండు మంది, పదకొండు రంగుల టోపీలు,
అందరికీ ఒకటే ముక్కు, ఎర్రగా, కారుతూ.

ముందు హిల్పాని అడిగాను. అయిదేళ్ళది.
"లాభమంటే?" అంది.
మంచి జరగడం, అన్నాను.
కాసేపు ఆలోచించి చేతితొడుగు విప్పి చూపించింది.
లోపల ఉడుత సగం కొరికి వదిలేసిన కాయ.
"ఇది జరిగింది."

రాసుకున్నాను.

ఓయివా లెక్కల మనిషి.
ఏడు పుల్లలు వరసగా పేర్చాడు.
మంచు కురిసి రెండు కప్పడిపోయాయి.
ఇప్పుడెన్ని, అన్నాను పరీక్షాధికారిలా.
"ఏడే," అన్నాడు నాకేసి జాలిగా చూసి.
"రెండు నిద్రపోతున్నాయి."

కవలలు లూమి, పిహ్లా.
"లోపల గోడలుంటాయి" అంది ఒకతె.
"నేను అరిస్తే వాటికి నచ్చదు" అంది రెండోది.
అరిచి చూపించారు కూడా.
సరస్సు అవతల నించి ఎవరో
వాళ్ళ గొంతుతోనే బదులిచ్చారు.

సైమికి మాత్రం లోపలే ఇష్టం.
"కాలివేళ్ళు నొప్పి. ఇక్కడ ఉచ్చ పోసుకోవాలంటే
నాలుగు పొరలు విప్పాలి."
ఇదీ రాశాను. గీతలు అయిపోయాయి,
మార్జిన్‌లోకి దిగాను.

చివర వేయిక్క.
వాడు మాట్లాడడని ముందే చెప్పారు.
మంచులో బోర్లా పడుకుని ఒక అడుగుజాడని చూస్తున్నాడు.
నేనూ పక్కనే పడుకున్నాను, మోకాళ్ళు మూలిగినా.
కుందేలా? నక్కా?
కైసుని చెయ్యూపి పిలిచాడు.
ఆవిడ వంగి చూసింది, అటు నడిచి చూసింది,
ఇటు నడిచి చూసింది.
"నాకూ తెలీదురా" అంది.

వాడి మొహం, ఎలా చెప్పను,
పొంగబోయే ముందు పాలు
గిన్నె అంచుదాకా లేస్తాయే, అలా.
"టీచరుకీ తెలీదు" అన్నాడు నా చెవిలో,
ఎవరో తనకి బహుమానం ఇచ్చినట్టు.
"లోపలైతే ఆవిడకి అన్నీ తెలుసు."

జాడ వెంట బయల్దేరారిద్దరూ,
ముందు వాడు, వెనక ఆవిడ.

మూడింటికే పొద్దుగూకింది.
బస్సులో కాగితం తీసి చూస్తే
జేబులో మంచు కరిగినట్టుంది,
కౌన్సిలు అచ్చువేసిన ప్రశ్న
సిరా అలుక్కుపోయి చదవడానికి రాలేదు.
పెన్సిలు రాత చెక్కుచెదరలేదు.

ఆ జాడ ఎవరిదో మాత్రం
ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.