మొండి లైను

టార్నోవ్‌స్కే గూరి రైల్వే యార్డు.
జనవరి, సున్నాకి పదకొండు డిగ్రీల కింద.
ఇంట్లో బొగ్గు నిండుకుంది,
అందుకే నాన్న కేబిన్‌లో కూచుని చదువుతున్నాను.
పొయ్యి మీద పులిసిన రై చారు కుతకుతమంటోంది.
ఆయన డ్యూటీ దిగేదీ, నా పరీక్ష మొదలయ్యేదీ
పొద్దున ఒకే గంటకి.

ఎనిమిది మైనస్ రెండు ఇంటూ
బ్రాకెట్లో మూడు ప్లస్ ఒకటి.
బ్రాకెట్లు తీసేసి, గుర్తుల్ని వెనక్కి జరిపి రాయాలి.
స్టాక్ వాడాలి.

"స్టాకంటే?"
"ఒకవైపే నోరున్న గొట్టం నాన్నా.
ఆఖర్న దూరిందే ముందు బయటికొస్తుంది."
"ఓస్, మొండి లైను!"
అద్దం మీది మంచు మోచేత్తో తుడిచి చూపించాడు.
ఏడో నంబరు పట్టాలు
కాస్త దూరం పోయి
మట్టిదిబ్బకి తల ఆన్చి ఆగిపోయాయి.

సుద్దముక్కతో రేకుబల్ల మీద గీశాడు.
అంకెలు సరుకు బళ్ళు, ఆగే పనిలేదు, పోనీ:
ఎనిమిది వెళ్ళింది.
మైనస్‌ని మొండి లైన్లోకి తోశాడు.
రెండు వెళ్ళింది.
ఇంటూ వచ్చింది. "ఇది మైనస్ కంటే పెద్ద హోదా,
దాని దారికి అడ్డంగా నిలబడొచ్చు."
తెరిచే బ్రాకెట్ అంటే గేటు పడ్డట్టు:
గేటు ఇవతలివాళ్ళకి అవతలి హోదాలతో పనిలేదు.
మూడు. ప్లస్. ఒకటి.
మూసే బ్రాకెట్ రాగానే ప్లస్ బయటికి,
రెండు గేట్లూ చెరిపేశాడు అరచేత్తో.
తర్వాత ఇంటూ.
అందరికంటే ముందొచ్చి
అందరికంటే ఎక్కువసేపు చలిలో నిలబడ్డ
మైనస్ చిట్టచివర.

ఎనిమిది, రెండు, మూడు, ఒకటి, ప్లస్, ఇంటూ, మైనస్.

"ఇప్పుడు లెక్క తేల్చు."
మూడూ ఒకటీ కలిపితే నాలుగు.
రెండూ నాలుగూ హెచ్చిస్తే ఎనిమిది.
ఎనిమిదిలోంచి ఎనిమిది తీస్తే
"సున్నా!
రాత్రంతా షంటింగ్ చేసింది సున్నా కోసమా!"
చారు పొలమారేదాకా నవ్వాడు.

ఇలా తలకిందులుగా ఎవరికి కావాలన్నాడు.
యంత్రాలకి సుళువన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
కుడిచెయ్యి తీసి సుద్దపొడి పక్కన పెట్టాడు,
చూపుడువేలూ మధ్యవేలూ ఉండాల్సిన చోట
నున్నటి చర్మం.
"కలుపు అని ముందు అరిచాడు వాల్దెమార్.
వేటిని వేటితోనో చెప్పేలోపు
ఇంజను కదిలింది."
అప్పట్నుంచి ఆయన షిఫ్టులో
పేర్లు ముందు, పని చివర:
పన్నెండూ పదమూడూ, కలుపు.
పదమూడూ ఇంజనూ, విడదియ్యి.
ఇంట్లోనూ అంతే.
ఉప్పు, ఇటు, అందుకో.

పరీక్షలో వేరే లెక్క ఇచ్చారు.
తొమ్మిది మైనస్ నాలుగు మైనస్ రెండు.
లోపల మైనస్, గుమ్మంలో మైనస్.
ఏది కదలాలి?
పక్క బెంచీ యూలిత రెండింటినీ లోపలే ఉంచింది,
ఆమెకి ఏడొచ్చింది.
నాకు కేబిన్ గోడమీది డ్యూటీ చార్టు గుర్తొచ్చింది:
సమాన హోదా అయితే
ముందెక్కినవాడే ముందు దిగాలి.

తొమ్మిది, నాలుగు, మైనస్, రెండు, మైనస్.

ఆ వేళకి నాన్న
లాంతరు ఆర్పి, సంచీ భుజానేసుకుని
పట్టాలు దాటుతుంటాడు,
కుడిచెయ్యి కోటు జేబులో.
జవాబు గడిలో రాశాను:
మూడు.